బోడికొండ మీద నీళ్ళు

విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్తుంటే ఊరికంటే ముందు కొండలే కనిపిస్తాయి. తూర్పు కనుమలనగానే తలపుకొచ్చే పచ్చదనం వీటి మీద తక్కువ. చాలా చోట్ల గీకి పెట్టినట్టు రాయే. గుడి ఉన్న కొండను ఊళ్ళోవాళ్ళు బోడికొండ అంటారు. స్థలపురాణానికి అది నీలాచలం. బౌద్ధుల జాడలు చూసినవాళ్ళు బోధికొండ అని కూడా రాస్తారు. నా ఓటు బోడికొండకే. పైనున్న వింతకు కారణం ఆ బోడితనంలోనే ఉంది మరి.

మెట్లెక్కి కోదండరాముడి గుడి దగ్గరికి చేరితే పక్కనే కొలను. దాన్ని నింపే గెడ్డ లేదు, మోటబావి లేదు, చుట్టూ ఉన్నదంతా బండే. ఫిబ్రవరి ఎండలో నాతో పాటు ఎక్కిన ఒక పెద్దాయన నీళ్ళవైపు చెయ్యి చూపించి, "ఎంత ఎండ కాసినా ఈ నీలెండవు బాబూ. దీనికి అడుగు నేదు" అన్నాడు.

ఊరి కథంతా ఈ నీటి చుట్టూనే తిరుగుతుంది. వనవాసంలో రాముడు ఇక్కడ ఆగాడట. తరవాతి యుగంలో పాండవులు వస్తే కృష్ణుడు వాళ్ళకు సీతారామలక్ష్మణుల విగ్రహాలిచ్చాడట. వాటిని నీళ్ళలో దాచారు, ఎన్నో తరాల తరవాత నీళ్ళలోంచే తీశారు, అందుకే రామతీర్థమైంది అంటారు. తీర్థమంటే నీరే కదా.

అడుగు లేదన్న మాట సంగతి ముందు తేల్చాలి. 2020 డిసెంబరులో ఎవరో దుండగులు రాముడి విగ్రహం తల తీసేస్తే, అది ఈ కొలనులోనే దొరికింది. గుడిని మళ్ళీ కట్టి 2022లో తెరిచారు. పడినది పైకి తీయగలిగారంటే అడుగున్నట్టే. మరి ఎండకపోవడం?

ఇక్కడ లెక్క వెయ్యాలి. పది సెంట్ల బండ అంటే దాదాపు 400 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 4,000 లీటర్లు. అదే వాన పొలంలో పడితే ముందు మట్టి తాగుతుంది, తరవాత వేళ్ళు తాగుతాయి, కాలవలోకి వచ్చేది కొసరే. బండకు ఆ దాహం లేదు. తడిసిన కాసేపటికే నీటిని పల్లంలోకి జార్చేస్తుంది. ఈ జిల్లాలో ఏడాదికి నూరు సెంటీమీటర్లకు పైనే కురుస్తుంది. అంటే కొండ పైభాగమంతా ఈ కొలనుకు ఆయకట్టు తిరగేసినట్టు: అక్కడ చెరువు పొలాన్ని తడిపితే, ఇక్కడ బండ చెరువును నింపుతోంది.

ఇక ఖర్చు. ఎండకూ గాలికీ తెరిచి ఉన్న నీటి మట్టం మన కోస్తాలో రోజుకు సగటున ఆరు మిల్లీమీటర్లు ఆవిరై తగ్గుతుందనుకుందాం. డిసెంబరు నుంచి మే చివరిదాకా చుక్క కురవకపోయినా తగ్గేది మీటరుకు కాస్త ఎక్కువ. మోకాలి లోతు గుంట శివరాత్రి దాటదు. నిలువులోతు ఉంటే మళ్ళీ నైరుతి వచ్చేదాకా గట్టెక్కుతుంది, మధ్యలో మే నెల ఉరుముల వానలు అదనం. రహస్యం వెడల్పులో లేదు, లోతులో ఉంది.

ఇంత గట్టి రాతిలో ఆ లోతు ఎలా వచ్చింది? తూర్పు కనుమల శిలలు సుమారు నూరు కోట్ల ఏళ్ళ కిందట, భూగర్భంలో ఇరవై ముప్ఫై కిలోమీటర్ల లోతున ఉడికినవి. వీటి తోబుట్టువులు ఇప్పుడు అంటార్కిటికాలో ఉన్నాయి, అప్పట్లో రెండు నేలలూ ఒకటే. పైనున్న బరువు కొట్టుకుపోయేకొద్దీ ఇలాంటి శిల ఊపిరి వదిలినట్టు ఉబ్బి, ఉల్లిపొరల్లా పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళలో దిగిన వాన నీరు మెల్లగా ఊరుతుంది కూడా. ఎక్కడో చిన్న సొట్టలో నీళ్ళు నిలుస్తాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరిగిన నీరు రాతిలోని ఫెల్డ్‌స్పార్‌ను బంకమట్టిగా మారుస్తుంది. గుంట ఎండినప్పుడు ఆ పొడిని గాలి ఎత్తుకుపోతుంది. గుంట పెరుగుతుంది, మరిన్ని నీళ్ళు నిలుస్తాయి, మరింత రాయి మెత్తబడుతుంది. నీళ్ళున్న చోటికే నీళ్ళు! పశ్చిమ ఆస్ట్రేలియా ఆదివాసులు ఇలాంటి గుంటలను నమ్మా అంటారు. ఆవిరి కాకుండా వాటి మీద పలకరాళ్ళూ కొమ్మలూ కప్పి పెట్టేవారు.

మన దగ్గర కప్పలేదు, కాపురముండిపోయారు. పక్కనున్న గురుభక్తులకొండ మీద బౌద్ధుల విహారాలూ స్తూపమూ బయటపడ్డాయి. 20వ శతాబ్దం మొదట్లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ వాటిని తవ్వించాడు. దుర్గకొండ గుహలో జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడి గురువు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు రామకొండకు మొక్కాడని అక్కడి శాసనం చెబుతుంది. అది 11వ శతాబ్దం తొలి పాదం. జైన ముని మొక్కే నాటికే కొండకు రాముడి పేరుందన్న మాట. ఇంతమంది ఇక్కడికే ఎందుకొచ్చారంటే, ఊరికి దూరంగా మౌనమూ పక్కనే మంచినీళ్ళూ దొరకడం కష్టం కనకనే అనిపిస్తుంది. విశాఖ దగ్గరి బౌద్ధుల కొండల పేర్లు కూడా ఇదే పట్టిస్తాయి. ఒకటి తొట్లకొండ, ఇంకొకటి బావికొండ.

దిగేటప్పుడు మెట్ల పక్కన బండలో అరచేయంత గుంట కనిపించింది. అడుగున బెత్తెడు తడి, చుట్టూ నీరు తగ్గిన తెల్ల చారలు. పెద్దాయన అందులో వేలు ముంచి కళ్ళకద్దుకున్నాడు. దానికి లోతు రావాలంటే ఇంకా కొన్ని వేల వానాకాలాలు పడుతుంది.