ఊరికి జట్టు, జట్టుకు ఊరు

వృత్తి క్రీడల జట్లున్న పెద్ద నగరాల్లో కాలేజీ ఆటలకు ఆదరణ తక్కువ. అమెరికాలో బాస్కెట్‌బాల్ విషయంలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. న్యూయార్క్, బోస్టన్, షికాగో నగరాల్లో ఎన్‌బీఏ జట్ల గెలుపోటముల గురించి గంటల తరబడి మాట్లాడుకునే జనం, అదే నగరంలోని కాలేజీ జట్టు ఈ వారం ఎవరితో ఆడుతోందో పెద్దగా పట్టించుకోరు. కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్, కాన్సస్‌లోని లారెన్స్ లాంటి ఊళ్లలో మాత్రం కాలేజీ మ్యాచ్ ఉన్న రాత్రి ఎక్కడ విన్నా అదే మాట. తెలుగునాట దీనికి దగ్గరి ఉదాహరణ కృష్ణా డెల్టాలో ఉంది. అందులో ఒక విశేషం కూడా ఉంది. విజయవాడకు సొంత ఐపీఎల్ జట్టు లేదు, సొంత ప్రొ కబడ్డీ జట్టు లేదు. అయినా ఇక్కడి కాలేజీ మైదానాల్లో, రంజీ మైదానంలో జనం పలుచగానే ఉంటారు. వృత్తి జట్టు ఊళ్లో లేకపోయినా దాని నీడ ఊరి మీద పడింది.

విజయవాడలోని ఆటోనగర్ సాయంత్రాలు చూస్తే సంగతి అర్థమవుతుంది. లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్ షాపులు, టింకరింగ్, పెయింటింగ్ పనులు, స్పేర్ పార్టుల దుకాణాలు వరసగా ఉన్న ఈ పేటలో పొద్దుటి నుంచీ సుత్తి దెబ్బల మోత, వెల్డింగ్ మెరుపులే. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ ఏడున్నరకు మొదలవుతుంది. చేతుల గ్రీజు కడుక్కుని టీ బంకు దగ్గరకు చేరేసరికి టాస్ అయిపోయి ఉంటుంది. ఇంటికి వెళ్లే ఆటోలో కొంత, ఇంట్లో అన్నం తింటూ కొంత, ఫోన్‌లోనో టీవీలోనో ఆట చూడటం కుదురుతుంది. ఇది పని చేసుకునే మనిషి దినచర్యకు సరిగ్గా సరిపోయేట్టు కుట్టిన చొక్కా లాంటిది.

రంజీ మ్యాచ్ లెక్క వేరు. అది ఉదయం మొదలై సాయంత్రానికి ఆగుతుంది, నాలుగు రోజులు సాగుతుంది, వాటిలో ఎక్కువ పనిదినాలే. విజయవాడలో ఆంధ్రా జట్టు ఆడే మైదానం మూలపాడులో, హైదరాబాద్ జాతీయ రహదారి పక్కన, ఇబ్రహీంపట్నం దాటాక ఉంది. ఆటోనగర్ నగరానికి తూర్పు వైపు, మూలపాడు పడమటి వైపు. నగరమంతా దాటి అక్కడికి వెళ్లాలంటే ఒక పూట కూలి వదులుకోవాలి. దీన్ని అభిరుచి లేకపోవడంగా చూడటం అన్యాయం. పెద్ద ఆట ఊరి నడుమకే వచ్చిన రోజూ ఒకటుంది. 2002 నవంబర్ 24న బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ జట్లు వన్డే ఆడాయి. మూడేసి మ్యాచ్‌లు గెలిచిన జట్ల మధ్య ఏడో వన్డే అది. వెస్టిండీస్ ఆ మ్యాచ్‌తో సిరీస్‌ను 4-3తో గెలుచుకుంది. ఆ తర్వాత పురుషుల వన్డే విజయవాడకు రాలేదు. పెద్ద మ్యాచ్‌లు విశాఖపట్నానికో, హైదరాబాద్‌లోని ఉప్పల్‌కో వెళ్లాయి. 2016 నవంబర్‌లో భారత, వెస్టిండీస్ మహిళల జట్లు మూలపాడులో వన్డేలు, టీ20లు ఆడి వెళ్లాయి.

స్థానిక ఆటకు జనం రాని ఈ పరిస్థితి ఎలా వస్తుందో తెలుసుకోవడానికి న్యూయార్క్ చరిత్ర బాగా ఉపయోగపడుతుంది. బాస్కెట్‌బాల్ పుట్టింది 1891లో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. మొదటి యాభై ఏళ్లు అది ప్రధానంగా కాలేజీల ఆటే. 1934 నుంచి నెడ్ ఐరిష్ అనే నిర్వాహకుడు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒకే రాత్రి రెండేసి కాలేజీ మ్యాచ్‌లు పెట్టించాడు. వేల మంది టికెట్లు కొని వచ్చారు. అంటే పెద్ద నగరానికి కాలేజీ ఆట పనికిరాదన్న సూత్రమేదీ అప్పటికి లేదు. 1950లో న్యూయార్క్ సిటీ కాలేజ్ దేశంలోని రెండు పెద్ద టోర్నీలనూ ఒకే ఏడాది గెలిచింది. మరుసటి ఏడాదే ఉరుములేని పిడుగు పడింది. జూదగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని ఆటగాళ్లు గెలుపు తేడాను తగ్గించి ఆడారని తేలింది, అరెస్టులు జరిగాయి. న్యూయార్క్‌లో కాలేజీ బాస్కెట్‌బాల్ ఆ దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోలేదు.

కుంభకోణమే అసలు కారణమని చాలామంది అంటారు. అది సగం నిజం. అదే కుంభకోణంలో కెంటకీ విశ్వవిద్యాలయం ఆటగాళ్లు కూడా ఉన్నారు. ఆ జట్టు 1952-53 సీజన్ మొత్తం ఆడకుండా నిలిచిపోవలసి వచ్చింది. తర్వాతి సీజన్‌లో తిరిగి వచ్చి 25 మ్యాచ్‌లు ఆడి ఇరవై అయిదూ గెలిచింది. జనం జట్టును వదల్లేదు. తేడా ఎక్కడుందంటే, న్యూయార్క్‌లో నిక్స్ అనే వృత్తి జట్టు 1946 నుంచే ఆడుతోంది. కాలేజీ ఆట మీద మనసు విరిగినవాడికి వేరే తలుపు తెరిచే ఉంది. లెక్సింగ్టన్ వాడికి మరో తలుపు లేదు. ఇప్పటికీ ఆ ఊళ్లోని రప్ అరీనాలో ఇరవై వేల మంది కూర్చోవచ్చు. జనాభా లక్షకు చేరని లారెన్స్‌లో కాన్సస్ విశ్వవిద్యాలయం ఆడే అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో పదిహేను వేలకు పైగా సీట్లున్నాయి. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ 1898లో అక్కడికే వెళ్లి ఆ విశ్వవిద్యాలయానికి మొదటి కోచ్ అయ్యాడు.

నగరంలోనూ కాలేజీ జట్టు నిలబడిన సందర్భాలున్నాయి. లాస్ ఏంజెలెస్‌కు లేకర్స్ జట్టు 1960లో వచ్చింది. 1964 నుంచి 1975 వరకు అక్కడి యూసీఎల్ఏ, జాన్ వుడెన్ శిక్షణలో పదిసార్లు జాతీయ టైటిల్ గెలిచింది. తర్వాతి కాలంలో కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా పేరొందిన ఆటగాడు అక్కడి విద్యార్థే. లేకర్స్ ఫైనల్స్‌లో వరసగా ఓడిపోతున్న ఆ రోజుల్లో నగరం చూపు కాలేజీ వైపు తిరిగింది. నగరవాసి మంచి ఆటను కోరుకుంటాడు. అది ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్తాడు. చిన్న ఊరివాడు తన ఆటను కోరుకుంటాడు, అది బాగా లేని ఏడాది కూడా వెళ్తాడు.

విజయవాడ జనాభాలో లెక్సింగ్టన్ కన్నా చాలా పెద్దది, కానీ వృత్తి జట్టు లేని ఊరే. ఆ లెక్కన ఇక్కడ కాలేజీ ఆట వెలగాలి. వెలగకపోవడానికి మొదటి కారణం టీవీ. లెక్సింగ్టన్ జనం కాలేజీ జట్టును తమదిగా చేసుకున్న రోజుల్లో దూరపు జట్టు రోజూ ఇంట్లోకి రాలేదు. తెలుగు ఊళ్లలో వరస తిరగబడింది. స్థానిక జట్టు మీద అభిమానం పాదుకోకముందే దూరపు జట్టు వచ్చేసింది. ఐపీఎల్ 2008లో మొదలైంది. హైదరాబాద్ పేరున్న డెక్కన్ చార్జర్స్ 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన టోర్నీ గెలిచింది, 2012తో ఆ జట్టు కథ ముగిసింది. 2013లో వచ్చిన సన్‌రైజర్స్ 2016లో కప్పు గెలిచింది. 2014లో ప్రొ కబడ్డీ లీగ్‌తో పాటే తెలుగు టైటాన్స్ వచ్చింది. 2016లో జియో రాకతో ఫోన్‌లో ఆట చూడటం చౌకైంది. తెలుగు వ్యాఖ్యానంతో ప్రత్యేక క్రీడా ఛానల్ వచ్చింది. 2023 ఐపీఎల్‌ను జియో సినిమా ఉచితంగానే చూపించింది. 2023-27 ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. ఇంత డబ్బు పెట్టి తెచ్చిన ఆట ఒకవైపు, ముగ్గు వేసినట్టు సున్నం గీతలు గీసిన కాలేజీ కోర్టు ఇంకోవైపు. పోటీ సమానం కాదు.

రెండో కారణం ఇంతకన్నా లోతైనది, దీని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. మన విశ్వవిద్యాలయ జట్టుకు ఊరు లేదు. అమెరికాలో కాలేజీ జట్టు సీజన్‌లో సగం మ్యాచ్‌లు సొంత మైదానంలో ఆడుతుంది, ఏ రోజు ఏ జట్టు వస్తుందో నెలల ముందే తెలుస్తుంది. ఇక్కడ కృష్ణా విశ్వవిద్యాలయం, నాగార్జున విశ్వవిద్యాలయం లాంటి వాటి కింద అనేక అనుబంధ కళాశాలలు ఉంటాయి. ముందు అంతర్ కళాశాలల పోటీలు జరుగుతాయి. వాటిలో బాగా ఆడినవాళ్లను ఎంపిక చేసి, కొద్ది రోజులు శిక్షణ శిబిరం పెట్టి, విశ్వవిద్యాలయ జట్టు అంటారు. ఆ జట్టు రైలెక్కి సౌత్ జోన్ పోటీలు జరిగే విశ్వవిద్యాలయానికి వెళ్తుంది. అక్కడ పదుల జట్లు. ఓడితే తిరుగు రైలు, గెలుస్తూ పోతే అఖిల భారత పోటీలు. ఆ ఏడాదికి అంతే. విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాల కోర్టులో బాస్కెట్‌బాల్ సాధన చేసిన కుర్రాడు తన విశ్వవిద్యాలయం తరఫున ఆడే మ్యాచ్ మరో రాష్ట్రంలో, ఒక పనిదినం ఉదయాన, ఎదుటి జట్ల ఆటగాళ్లు తప్ప ప్రేక్షకులు లేని చోట జరగవచ్చు. అతని తల్లిదండ్రులకే చూసే వీలు లేదు. ఊరికి ఎక్కడిది?

కాలేజీ మీద మమకారం పెరిగే వయసు కూడా చేజారుతోంది. పదో తరగతి అయ్యాక రెండేళ్లు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో, అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో, ప్రవేశ పరీక్షల చదువుతోనే గడిచిపోతాయి. వాటిలో మైదానం ఉన్నవి అరుదు. పదహారు, పదిహేడేళ్ల వయసు క్రీడాకారుడి ఎదుగుదలకు ఎంత ముఖ్యమో, అభిమాని తయారవడానికీ అంతే ముఖ్యం. తోటివాడు గోల్ కొట్టినప్పుడు గొంతు పోయేలా అరవని పిల్లవాడు ముప్పై ఏళ్లు వచ్చాక పాత కాలేజీ జట్టు కోసం టికెట్ కొనడు.

ఆడేవాళ్లకు మిగిలేది సర్టిఫికెట్. స్పోర్ట్స్ కోటా సీటుకు, రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగానికి అది తాళంచెవి. పేదింటి పిల్లల జీవితాలు దానితో మారాయి, దాన్ని చిన్నచూపు చూడకూడదు. అయితే ఆట విలువ దరఖాస్తుకు జతచేసే కాగితంలోనే ఉన్నప్పుడు మ్యాచ్‌ను నలుగురికీ చూపించాలన్న తపన నిర్వాహకులకూ కలగదు.

కృష్ణా డెల్టా జనానికి పక్కనే జరిగే ఆట మీద ప్రేమ లేదనుకుంటే పొరపాటు. సంక్రాంతి మూడు రోజులూ పల్లెల్లో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలే దానికి సాక్ష్యం. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అంటూ గిత్తల వయసును బట్టి విభాగాలు ఉంటాయి. నిర్ణీత సమయంలో బరువైన రాతి బండను ఏ జత ఎన్ని అడుగుల దూరం లాగిందో కొలుస్తారు. మైకులో ముందు వినిపించేది యజమాని పేరు, వెంటనే ఊరి పేరు. ఆ ఊరి పేరు వినపడగానే ఒక మూల నుంచి కేక లేస్తుంది. కబడ్డీ, వాలీబాల్ పోటీల్లోనూ అంతే. కూతకు వెళ్లినవాడు ఫలానా వాళ్ల అబ్బాయని చూసేవాళ్లకు తెలుసు. తేదీ తెలుసు, చోటు తెలుసు, ఆడేవాడు తెలుసు, పనికి సెలవు ఉంది. లెక్సింగ్టన్‌లో కాలేజీ ఆటను నిలబెట్టినవి కూడా ఈ నాలుగే.

హైదరాబాద్‌కు ఒకప్పుడు ఇలాంటి సొంత ఆట ఉండేది. 1930లలో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ క్రికెట్‌లో దేశంలోని పేరున్న ఆటగాళ్లు బ్యాంకుల, కంపెనీల జట్ల తరఫున ఆడేవారు. 1970లలో దానికి ఫస్ట్‌క్లాస్ హోదా పోయింది, ఆ వైభవం మళ్లీ రాలేదు. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. విశ్వవిద్యాలయాల క్రికెట్‌లో రోహింటన్ బారియా ట్రోఫీ 1935 నుంచీ ఉంది. జోన్ల మధ్య జరిగే విశ్వవిద్యాలయ టోర్నీకి విజయనగరం రాజవంశానికి చెందిన విజ్జీ పేరే పెట్టారు. ఆ ట్రోఫీ ఒకటుందని తెలిసిన తెలుగువారు ఇప్పుడు బహు కొద్దిమంది.

స్థానిక మైదానంలో ఎదిగే ఆటగాడిని ఊరు చాలా ఆలస్యంగా, అదీ టీవీ ద్వారానే గుర్తిస్తుంది. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ పేరు ఇంటింటికీ తెలిసింది 2022లో భారత్ అండర్-19 ప్రపంచకప్ గెలిచినప్పుడు, అతను ఆ జట్టు వైస్ కెప్టెన్. విశాఖ వాసి నితీశ్ కుమార్ రెడ్డి ఆంధ్రా జట్టుకు ఎన్నాళ్లు ఆడినా జనం అతన్ని చూసింది సన్‌రైజర్స్ చొక్కాలోనే, ఆ తర్వాత 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేసినప్పుడు. 2023 ఫిబ్రవరిలో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్లో, మణికట్టు విరిగిన హనుమ విహారి ఎడమచేతి వాటంగా నిలబడి ఒంటిచేత్తో బ్యాటింగ్ చేశాడు. ఆంధ్రా క్రికెట్‌లో అంతకన్నా గొప్ప దృశ్యాలు ఎన్నో లేవు. మనవాళ్లలో ఎక్కువమంది దాన్ని తర్వాత ఫోన్‌లో చిన్న ముక్కగా చూశారు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమె బాణం వదలడాన్ని సొంత ఊళ్లో కళ్లారా చూసినవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఊరి పేరుతో జట్టు కట్టే ప్రయత్నం ఇటీవల జరిగింది. 2022లో మొదలైన ఆంధ్రా ప్రీమియర్ లీగ్‌లో బెజవాడ టైగర్స్ ఆడింది. 2025లో జట్లన్నీ కొత్తగా ఏర్పడినప్పుడు ఆ స్థానంలో విజయవాడ సన్‌షైనర్స్ వచ్చింది. నాలుగేళ్లు తిరక్కముందే అభిమాని నేర్చుకున్న పేరు మారిపోయింది. ఆ సీజన్ మ్యాచ్‌లు విశాఖపట్నంలో జరిగాయి. చొక్కా మీద విజయవాడ అని రాసుకున్న జట్టు ఆటను ఆటోనగర్ షెడ్డులో పనిచేసే మనిషి నేరుగా చూడాలంటే మూడు వందల యాభై కిలోమీటర్లు వెళ్లాలి.