ఇంటి పంట, ఇంటి వంట

మన సంఘ సభ్యులలో పెక్కుమంది కంది, పెసర, రాగి, కూరగాయలు పండించువారే. అయినను పంట చౌకగా బజారునకు పోవుచున్నది. మన బిడ్డలకు చిరుతిండి మాత్రము రంగుపొట్లములలో అధిక ధరకు, అధికమగు ఉప్పుతోను నూనెతోను వచ్చుచున్నది. ఇంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. వంట యెరుగని తరము పెరుగుచున్నది. విత్తనము దాచుకొనని రైతు మరుసటి యేడు అంగడి వాకిట నిలుచును. పిల్లలకు వంట నేర్పని యింటి గతియు నట్టిదే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన నియమములలో మనిషికి దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదనియు, ఆహారమువలన కలుగు శక్తిలో ధాన్యముల పాలు 45 శాతము దాటరాదనియు చెప్పిరి. అనగా అన్నము కొంత తగ్గి, పప్పును ఆకుకూరలును పెరుగవలెను. ఇందుకు మన పెరటి తోటకూర పప్పే చాలును. పిల్లలకు మొదట దీనినే నేర్పుట మేలని మా యభిప్రాయము.

కందిపప్పును అరగంట నానబెట్టిన త్వరగా నుడుకును, వంటచెరకో గ్యాసో మిగులును. ఆకును ముందు కడిగి పిదప తరుగవలెను. తరిగి కడిగినచో సారము నీటిపాలగును. చింతపండు పులుసును పప్పు మెత్తబడిన తరువాతనే పోయవలెను, పులుపు తగిలిన పప్పు వేగముగ నుడుకదు. పులుసునకు బదులు వడ్డించునపుడు నిమ్మరసము పిండినచో ఆకులోని యినుము ఒంటికి బాగుగ పట్టును. కడపట ఒక చెంచా నూనెతో పోపు పెట్టిన చాలును.

బియ్యమును రెండు మారులకు మించి కడుగరాదు. గంజి వార్చి పారబోసిన, దానితో బి విటమినులు పోవును. ఎసరు కొలిచి పోసి అత్తెసరు పెట్టుట నేర్పుడు. వారమున రెండు దినములు రాగిసంకటి చేయుడు; 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు, తెల్ల బియ్యమున 10 మిల్లీగ్రాములైన నుండుట యరుదు.

ఆరేండ్ల బిడ్డ ఆకు గిల్లగలదు, పప్పులో రాళ్లేరగలదు. పదేండ్ల బిడ్డ కొలిచి కడుగగలదు. పన్నెండు దాటినవారిని పెద్దల యెదుట పొయ్యి దగ్గర నిలుపవచ్చును. ఇది యాడపిల్లల పనియే యని తలపరాదు; చదువునకై పట్టణమున గది తీసికొను మగపిల్లవానికిని రోజుకు రెండు పూటల ఆకలి తప్పదు కదా.

సభ్యులెల్లరు వారమున కొక పూట వంట పిల్లలకు అప్పగింప కోరుచున్నాము. మొదటి దినము ఉప్పు తగ్గవచ్చును, అడుగంటవచ్చును. కసరక తినుడు. నాలుగవ వారమునకు చేయి కుదురును.