ఒక్క కమాండ్.. మామిడి లెక్కలన్నీ మాయం!

మాది వడమాలపేట. బీటెక్ అయ్యాక ఖాళీగా ఉండలేక, తెలిసినాయన మామిడి మండీకి మైఎస్‌క్యూఎల్‌తో లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చా. ఏ రైతు ఎన్ని టన్నుల తోతాపురి తోలాడు, ఇంకా ఎంత బాకీ.. అన్నీ ఒకే టేబుల్‌లో.

సీజన్ మధ్యలో ఆయన పిలిచి, ‘పోయినేడాది లెక్కలు తీసేయప్పా, కంప్యూటర్ నిదానంగా పోతా ఉంది’ అన్నాడు. ‘ట్రంకేట్’ అయితే చాలా ఫాస్ట్ అని ఎప్పుడో చదివా. కొట్టేశా. నిజంగానే క్షణంలో అయిపోయింది. పాతవే కాదు, ఈ ఏడాదివి కూడా! కంగారుగా ‘రోల్‌బ్యాక్’ కొట్టా. ఒక్క వరుసా వెనక్కి రాలేదు.

అప్పుడే బాకీ కోసం వచ్చిన ఓ పెద్దాయన, ‘మా లెక్క గూడా పోయిందా నాయనా?’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మండీలోని కార్బన్ బిల్లు పుస్తకాలే కాపాడాయి. మూడు రాత్రులు కూర్చొని మళ్లీ ఎక్కించా.

ఆ మూడు రాత్రుల్లో నేర్చుకున్నది ఇదీ..

డిలీట్: ‘వేర్’తో షరతు పెడితే ఆ వరుసలే పోతాయి. నాకు కావాల్సింది ఇదే. ‘వేర్’ మర్చిపోతే మాత్రం టేబుల్ మొత్తం ఖాళీ. ముందుగా ‘స్టార్ట్ ట్రాన్సాక్షన్’ కొడితే, ‘కమిట్’ చేసేదాకా వెనక్కి తెచ్చుకోవచ్చు.

ట్రంకేట్: షరతులుండవు, టేబుల్ మొత్తం ఊడ్చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఆటో నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. మైఎస్‌క్యూఎల్‌లో దానంతట అదే కమిట్ అయిపోతుంది కాబట్టి రోల్‌బ్యాక్ పనిచేయదు. పోస్ట్‌గ్రెస్‌లో అయితే ట్రాన్సాక్షన్ లోపల కొడితే వెనక్కి తేవచ్చు. టెస్టింగ్ డేటా తుడవడానికి బాగుంటుంది.

డ్రాప్: డేటాతో పాటు టేబులే ఉండదు. గోడౌన్ ఖాళీ చేయడం కాదు, కూల్చేయడం.

వేలమంది తప్పు చేస్తారనే కాబోలు, మైఎస్‌క్యూఎల్‌లో ‘సేఫ్ అప్‌డేట్స్’ అనే ఆప్షన్ ఉంది. దానికి ఇంకో పేరు ‘ఐ యామ్ ఎ డమ్మీ’! అది ఆన్ చేస్తే ‘వేర్’ లేని డిలీట్‌ను ఒప్పుకోదు. ట్రంకేట్‌ను మాత్రం ఆపదు.

ఇప్పుడు నా పద్ధతి ఒకటే. ముందు బ్యాకప్. తర్వాత అదే ‘వేర్’తో సెలెక్ట్ కొట్టి, ఎన్ని వరుసలు వస్తున్నాయో చూస్తా. లెక్క సరిపోతేనే డిలీట్. నిజానికి, కంప్యూటర్ నిదానించినంత మాత్రాన పాత లెక్కలు తీసేయాల్సిన పనే లేదు. వేరే టేబుల్‌లోకి మార్చి దాచుకున్నా సరిపోయేది.

మీరూ ఎంటర్ కొట్టేముందు ఒక్కసారి అడగండి: ఇది వెనక్కి వస్తుందా? ఎందుకంటే మనకు అది ఒక వరుసే. ఆ పెద్దాయనకు మాత్రం ఏడాది కష్టం.