వాకిట్లో కారు: ఇంటి లెక్కలో దాని అసలు ఖరీదు

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. దానికి తోడుగా ఉన్న సెస్సు కూడా తొలగిపోయింది. అప్పటి నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మధ్యతరగతి ముస్లిం కుటుంబాలలో కారు ప్రస్తావన తరచుగా వినిపిస్తోంది. మద్రసాకు పిల్లలను చూడవచ్చే తల్లిదండ్రులు సైతం బ్యాంకు అప్పుతో కారు కొనవచ్చునా అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు ఫిఖ్హ్ గ్రంథాలలో సమాధానం ఉంది. అయితే అంతకంటే ముందు వేసుకోవలసిన లెక్క ఒకటి ఉంది. అడిగేవారిలో ఎక్కువమంది ఆ లెక్క వేయకుండానే వస్తున్నారు. వారికి తెలిసినది ఒకే ఒక సంఖ్య, నెలసరి వాయిదా.

సౌకర్యవంతమైన వాహనాన్ని దైవప్రవక్త (స) మనిషి సౌభాగ్యాలలో ఒకటిగా పేర్కొన్నట్లు ఇబ్ను హిబ్బాన్ హదీసు సంకలనంలో ఉంది. కావున కారు కోరుకోవడమే లోకవ్యామోహమని కొట్టివేయడం సరికాదు. వృద్ధులైన తల్లిదండ్రులను ఎండలో బస్టాండు వద్ద నిలబెట్టడంలో ప్రత్యేకమైన దైవభీతి ఏమీ లేదు. అదే ప్రవక్త (స) ఋణభారం నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారని సహీహ్ బుఖారీలో ఉంది. అప్పు మిగిల్చి మరణించిన వ్యక్తి జనాజా నమాజుకు, ఆ అప్పు బాధ్యతను మరొకరు స్వీకరించే వరకు, ఆయన నాయకత్వం వహించలేదన్న వృత్తాంతమూ అందులోనే ఉంది. ఈ రెండు విషయాలనూ ఎదురెదురుగా ఉంచుకొని లెక్కలోకి దిగుదాం.

షోరూము ధర 6,50,000 రూపాయలు గల ఒక పెట్రోలు కారును ఉదాహరణగా తీసుకుందాం. తెలంగాణలో ఐదు లక్షలు దాటి పది లక్షల లోపు ధర గల సొంత కారుకు జీవితకాల పన్ను 14 శాతం. అంటే 91,000 రూపాయలు. యజమాని పేరున ఇదివరకే మరో కారు ఉంటే ఇంకో 2 శాతం అదనం. సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమాను ఒకేసారి కట్టాలి. సొంత నష్టానికి వర్తించే బీమాతో కలిపి మొదటి ఏడు సుమారు 35,000 అవుతుంది. రిజిస్ట్రేషన్ రుసుము, నంబరు ప్లేటు వంటి చిల్లర ఖర్చులు కలుపుకుంటే కారు ఇంటికి చేరేసరికి 7,80,000 రూపాయలు. ధర ఆరున్నర లక్షలని చెప్పుకుంటూ బయలుదేరిన మనిషి మరో లక్షా ముప్పై వేలు తెచ్చుకోవాలి.

ఇక కంటికి కనిపించని ఖర్చు తరుగుదల. మన దేశపు మోటారు బీమా పట్టిక ప్రకారం కారు విలువ ఆరు నెలలకు 5 శాతం, ఏడాదికి 15 శాతం, రెండేళ్ళకు 20 శాతం తగ్గుతుంది. ఆపైన ఏటా పది శాతం చొప్పున పడిపోతూ ఐదేళ్ళు నిండేసరికి సగానికి చేరుతుంది. ఆ లెక్కన మన కారు ఐదేళ్ళ తరువాత 3,25,000 పలుకుతుంది. పెట్టినది 7,80,000. కరిగిపోయినది 4,55,000, అంటే ఏడాదికి 91,000. రెండవ ఏటి నుంచి బీమా పునరుద్ధరణకు సగటున 12,000, కారు తిరిగినా తిరగకపోయినా చేయించవలసిన వార్షిక సర్వీసుకూ బ్యాటరీకీ 7,000 వేయండి. మొత్తం 1,10,000 రూపాయలు. వాకిట్లో గుడ్డ కప్పుకొని నిలబడి ఉన్న కారుకు మనం రోజుకు 300 రూపాయలు చెల్లిస్తున్నామన్న మాట.

ఇది నిలబడినందుకు అయ్యే ఖర్చు. కదిలినందుకు అయ్యేది వేరు. హైదరాబాదులో పెట్రోలు లీటరు 107 రూపాయల పైచిలుకు ఉన్న రోజుల లెక్క ఇది. లీటరుకు 18 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు ఇంధనానికే ఆరు రూపాయలు. టైర్లు, బ్రేకులు, నూనెల మార్పిడి కలిపితే ఎనిమిది. మన ప్రాంతపు వేసవి బ్యాటరీలను, టైర్లను త్వరగా తినివేస్తుంది. దేవరకొండ, అచ్చంపేట వైపు గ్రామాల మట్టి బాటల మీద తిరిగే కారుకు ఏర్ ఫిల్టరును సర్వీసు పుస్తకంలో వ్రాసిన గడువుకంటే ముందే మార్చవలసి వస్తుంది. ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి మొత్తం ఖర్చు 1,74,000. కిలోమీటరుకు దాదాపు 22 రూపాయలు. ఈ అంకెలు నా అంచనాలు. మీ కారు, మీ ఊరు, మీ మెకానిక్కును బట్టి మార్చుకొని ఒక కాగితంపై మీరే వేసి చూడండి. ఇంటి ఇల్లాలిని ప్రక్కన కూర్చోబెట్టుకొని వేయడం మంచిది. పప్పు, ఉప్పుల ఖర్చు తెలిసిన చేతికి మరచిపోయిన పద్దులు ముందుగా గుర్తుకు వస్తాయి.

ఇప్పుడు అద్దె కారుతో పోల్చి చూద్దాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండూ హైదరాబాదుకు ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఆసుపత్రి పనికో, బంధువుల ఇంటికో వెళ్ళి నగరంలో తిరిగి రావడానికి 220 కిలోమీటర్లు అనుకుందాం. డ్రైవరుతో సహా కిలోమీటరుకు 13 రూపాయల అద్దె, డ్రైవరు బత్తా, టోల్ కలిపితే 3,700 అవుతుంది. నెలకు రెండుసార్లు వెళ్ళే కుటుంబానికి ఏడాదికి 88,800. అదే దూరం సొంత కొత్త కారులో తిరిగితే 1,52,000. అంటే అద్దె కారు చవకగా పడింది, పైగా నడిపే శ్రమ మరొకరిది. ఈ లెక్కన ఏడాదికి 12,000 కిలోమీటర్లు దాటి తిరిగేవారికే కొత్త కారు గిట్టుబాటు అవుతుంది. వారంలో నాలుగు రోజులు జడ్చర్లకో మిర్యాలగూడకో వ్యాపారంపై తిరిగేవారికి అది సులభంగానే దాటుతుంది. ప్రక్క వీధిలోని బడిలో పనిచేసే ఉపాధ్యాయునికి దాటదు.

టోలు గురించి ఒక మాట. 2025 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఫాస్టాగ్ వార్షిక పాసు 3,000 రూపాయలకు ఏడాది లేదా 200 దాటింపులు ఇచ్చింది. పంతంగి టోలును నెలకు రెండుసార్లు మాత్రమే దాటి వచ్చే కుటుంబానికి దానివలన మిగిలేది స్వల్పం. వారం వారం వెళ్ళేవారికి మాత్రం లాభమే.

ఇక ఆర్టీసీ బస్సును మన లెక్కలోంచి తొలగించడం ఈ మధ్య ఒక గౌరవ చిహ్నంగా మారింది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం. ముగ్గురు ఆడవారు, ఇద్దరు మగవారు గల కుటుంబం హైదరాబాదుకు వెళ్ళి వస్తే ఇద్దరి టిక్కెట్లే ఖర్చు. పండుగ రోజుల్లో ఆ బస్సుల రద్దీ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు, పర్దా పాటించే స్త్రీలకు అందులో నిలబడి ప్రయాణించడం కష్టమే. అటువంటి రోజులకు అద్దె కారు, మిగిలిన రోజులకు బస్సు అనుకున్న ఇంటికి ఏడాది మొత్తం ప్రయాణ వ్యయం నలభై వేలు దాటకపోవచ్చు.

రూపాయలతో తూచలేని అవసరాలూ ఉన్నాయి. వారానికి రెండు మూడు పర్యాయాలు డయాలసిస్‌కు వెళ్ళవలసిన తండ్రి, నడవలేని బిడ్డ, రాత్రివేళ వాహనం దొరకని మారుమూల గ్రామం. అటువంటి ఇంటివారు నా లెక్కను ప్రక్కన పెట్టి కారు కొంటే అది దుబారా కాదు. వారికి నేను చెప్పేది ఒక్కటే, పాత కారును కూడా చూడండి. ఐదేళ్ళు నడిచిన కారును 3,25,000కు కొని, మరో ఐదేళ్ళ తరువాత 1,25,000కు అమ్మితే తరుగుదల ఏడాదికి 40,000 మాత్రమే. బీమాకు 8,000, వయసు మీరిన కారు మరమ్మతులకు అదనంగా 10,000 కలిపినా నిలబడిన ఖర్చు 58,000. ఏడాదికి ఆరున్నర వేల కిలోమీటర్లు తిరిగితే అద్దె కారుతో సమానమవుతుంది.

పాత కారు కొనేటప్పుడు తెలిసిన మెకానిక్కును వెంట తీసుకువెళ్ళడం ఎంత అవసరమో కాగితాలు చూడడం అంత అవసరం. ఆర్సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటే అప్పు తీరినట్లు ఆ సంస్థ ఇచ్చే ధ్రువపత్రం, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వవద్దు. ఫారం 29, 30 లపై సంతకాలు జరిగి, పేరు మారే వరకు పని పూర్తికానట్లే. బకాయి చలాన్లు ఎన్ని ఉన్నాయో ముందే చూసుకోవాలి. నారాయణపేట, మక్తల్ వైపు వారికి రాయచూరు కార్లు చవకగా కనిపిస్తాయి. పొరుగు రాష్ట్రపు కారును పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి జీవితకాల పన్ను కట్టాలి. ఆ పన్ను కలిపితే చవక చాలావరకు ఆవిరవుతుంది.

అప్పు విషయానికి వద్దాం. ఆరు లక్షలను 10 శాతం వడ్డీకి ఐదేళ్ళకు తీసుకుంటే వాయిదా నెలకు సుమారు 12,750. తిరిగి చెల్లించేది 7,65,000. వడ్డీ 1,65,000, అంటే ఏడాదికి 33,000. పైన చెప్పిన నిలబడిన ఖర్చు దీనితో 1,43,000 అవుతుంది. వడ్డీ నిషేధం అల్ బఖరా సూరాలో స్పష్టంగా ఉంది. దానిపై చర్చకు ఆస్కారం లేదు. ప్రాణావసరం లేని కారు కోసం దానిని సడలించే ఫత్వాను వెదకడం తగదు. లౌకిక దృష్టితో చూసినా ఏటేటా విలువ పడిపోయే వస్తువు కోసం వడ్డీ కట్టడం ఇంటిని రెండు వైపుల నుంచి కోయడమే.

మరి ధర్మసమ్మతమైన మార్గాలేవి? వాయిదాలలో చెల్లించే వస్తువుకు నగదు ధరకంటే ఎక్కువ ధర నిర్ణయించుకోవడం ధర్మసమ్మతమని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1990లో తీర్మానించింది. షరతులు ఉన్నాయి. ఒప్పంద సమయానికే ఒకే ధర ఖరారు కావాలి. వాయిదా ఆలస్యమైతే ఒక్క రూపాయి కూడా పెంచరాదు. అమ్మేవాడు ఆ వస్తువుకు నిజంగా యజమాని అయి ఉండాలి. మన దేశంలో బ్యాంకుల ద్వారా ఈ పద్ధతి దొరకదు. ఇస్లామీ బ్యాంకింగు ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్ళరాదని 2017లో రిజర్వు బ్యాంకు నిర్ణయించింది. అయితే పాత కారు అమ్మే బంధువుతోనో స్నేహితునితోనో ఇటువంటి ఒప్పందం చేసుకోవడానికి అడ్డేమీ లేదు. అల్ బఖరా 282వ ఆయత్ ఆదేశించినట్లు దానిని వ్రాతలో, సాక్షుల ఎదుట పెట్టుకోవాలి. బంధువుల మధ్య వ్రాత ఎందుకని సిగ్గుపడేవారే తరువాత మాటలు మానుకుంటున్నారు.

మన స్త్రీలు నడిపే చీటీలు మరొక దారి. అందరూ సమానంగా వేసి, డ్రాలో పేరు వచ్చినవారికి పూర్తి మొత్తం ఇచ్చే చీటీ పరస్పర ఋణం వంటిది, అందులో దోషం లేదు. పాట పాడి తగ్గింపుకు తీసుకునే చీటీ వేరు, ఆ తగ్గింపులో వడ్డీ దాగి ఉంది. ‘సున్నా వడ్డీ’ ప్రకటనలనూ పరీక్షించాలి. నగదుకు కొనేవారికి ఇచ్చే రాయితీని వాయిదాల వారికి ఇవ్వకపోతే, ప్రాసెసింగ్ రుసుము అదనంగా వసూలు చేస్తే, ఆలస్యానికి జరిమానా వేస్తే, ఆ సున్నాలో ఏముందో మీరే చూడవచ్చు.

నెలసరి అద్దెకు ఏడాది, రెండేళ్ళపాటు కారు తీసుకునే లీజు పద్ధతి నగరాలలో పెరుగుతోంది. మారుతీ సుజుకీ సంస్థ 2020లో దీనిని హైదరాబాదులోకి తెచ్చింది. నల్లగొండ, మహబూబ్‌నగర్లలో ఇది ఇంకా అరుదు. సర్వీసు, బీమా అద్దెలోనే కలిసి ఉండడం దీనిలోని సుఖం. కిలోమీటర్ల పరిమితి, గడువుకు ముందే తిరిగి ఇస్తే పడే రుసుము దీనిలోని చిక్కు. ఫిఖ్హ్ పరంగా ఇది ఇజారా, మూలతః ధర్మసమ్మతమే. అయితే వస్తువు యాజమాన్యానికి సంబంధించిన భారం యజమానిపైనే ఉండాలి. పెట్రోలు, రోజువారీ సంరక్షణ అద్దెదారునివి. ఇంజను మార్పు వంటివి, అద్దెదారుని నిర్లక్ష్యం లేకుండా జరిగిన నష్టం యజమానివి. చివరకు కారు అద్దెదారునికే చెందే లీజు గురించి అదే అకాడమీ 2000 సంవత్సరంలో రియాద్ సమావేశంలో ఈ నియమాలనే వివరించింది. ఒకే సమయంలో అమ్మకమూ అద్దె రెండూ అయిన ఒప్పందాన్ని అది త్రోసిపుచ్చింది. సంతకానికి ముందు కాగితాన్ని చదివించుకోండి. నష్టం మొత్తం మీపైనే వేసి, యాజమాన్యం మాత్రం వారి వద్ద ఉంటే అది పేరుకే అద్దె.

పెళ్ళిళ్ళకు అద్దె కారు తీసుకునేవారికి ఒక హెచ్చరిక. తెల్ల నంబరు ప్లేటు గల సొంత కార్లను కొందరు తక్కువ రేటుకు అద్దెకు ఇస్తుంటారు. అది చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించే ప్రమాదం ఉంది. నూరు రూపాయలు ఎక్కువైనా పసుపు ప్లేటు బండినే మాట్లాడుకోండి. బీమా గురించి ఉలమాలలో ఉన్న అభ్యంతరం తెలిసినదే, అదే అకాడమీ 1985లో వాణిజ్య బీమాను ధర్మసమ్మతం కాదన్నది. కానీ 1988 మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది కనుక దానిని నిర్బంధంగా భావించి కట్టడానికి అనుమతి ఉందని మన దేశ ముఫ్తీలు చెబుతున్నారు. అది లేకుండా బండి తీయడం ఎదుటివాని ప్రాణాన్ని తేలికగా తీసుకోవడమే.

చివరగా జహేజ్ కారు. నికాహ్ సంబంధాలలో ద్విచక్రవాహనం స్థానంలోకి కారు వచ్చి చేరుతోంది. నోరు తెరిచి అడగకపోయినా ‘మా అబ్బాయికి డ్రైవింగు వచ్చు’ అన్న మాట ఆడపిల్ల తండ్రి చెవిలో అడుగుతున్నట్లే పడుతుంది. ఆ తండ్రి పొలం తాకట్టు పెట్టి 7,80,000 తెస్తాడు. పైన వేసిన లెక్క ప్రకారం దానిలో సగానికి పైగా ఐదేళ్ళలో కరిగిపోతుంది. మిగిలిన సగంతో పొలం విడిపించుకోలేడు. అల్లుని జీతం ఇరవై వేలైతే ఆ కారు ఖర్చు ఆ ఇంటికీ భారమే. కొన్నాళ్ళకు పెట్రోలు కోసం కోడలి వైపు చూడడం మొదలవుతుంది. ఇస్లాంలో వరుడు వధువుకు మహర్ ఇవ్వాలి, ఆమె తండ్రి నుంచి వాహనం పుచ్చుకోవడానికి ధర్మంలో ఆధారం లేదు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడగడం, ఇవ్వడం, పుచ్చుకోవడం మూడూ నేరాలే.

ఎవరూ అడగకుండా, అప్పు చేయకుండా, బిడ్డపై ప్రేమతో ఏ తండ్రి అయినా కారు ఇవ్వదలిస్తే అది హిబా, ఆ వస్తువు పూర్తిగా ఆ అమ్మాయి సొత్తు. టీజీ 05 అయినా టీజీ 06 అయినా, ఆర్సీ ఆమె పేరుననే ఉండాలి. వరకట్నంగా వేరొకరి చేతికి చేరిన దానిని సైతం మూడు నెలలలో ఆ స్త్రీకి బదిలీ చేయాలని అదే చట్టంలోని 6వ సెక్షను చెబుతుంది.