ఎర్ర మబ్బంతా వాన కాదు

బంగాళాఖాతంలో తుపాను పుట్టిందంటే చాలు, నారాయణపేట జిల్లా కోస్గి పత్తి రైతుల ఫోన్లలో ఒకటే బొమ్మ తిరుగుతుంది: సుడి చుట్టుకున్న ఎర్రటి మబ్బు. పత్తి పగిలే అక్టోబరులో దాన్ని చూసే కూలీలను పిలవాలా వద్దా అని తేల్చుకుంటారు. ఆ బొమ్మ చెప్పేదేమిటో తెలియాలి కదా!

అపోహ: ఎరుపు ఎక్కడుంటే వాన అక్కడే.

వాస్తవం: ఆ బొమ్మ పంపే ఇన్సాట్ ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొలిచేది మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందన్నదే. లోపలికి చూసేది రాడార్. నాసా, జపాన్ సంస్థ జాక్సా 2014 ఫిబ్రవరిలో పంపిన జీపీఎం ఉపగ్రహంలోని రాడార్ రెండు రకాల మైక్రోతరంగాలను కిందికి వదులుతుంది. చినుకులకు తగిలి అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎత్తు, బలాన్ని బట్టి వాన జోరు, రెండింటి తేడాను బట్టి చినుకుల పరిమాణం అంచనా కడతారు.

అపోహ: మన ఎండలకు మబ్బులో మంచు ఎక్కడిది?

వాస్తవం: మన నెత్తిమీద సుమారు 5 కిలోమీటర్ల పైన మబ్బుల్లో ఉన్నది ఎక్కువగా మంచే. దిగుతూ కరిగేటప్పుడు ఆ రేణువులకు నీటిపొర పడుతుంది. రాడార్‌లో సరిగ్గా ఆ ఎత్తున ఓ మెరిసే పట్టీ కనబడుతుంది. పట్టీ స్పష్టంగా ఉంటే అది ముసురు. కుండపోత కురిపించే నిలువు మబ్బుల్లో పట్టీ ఏర్పడదు. తుపాను కన్ను చుట్టూ అలాంటి మబ్బులు 15 కిలోమీటర్ల దాకా లేస్తే తుపాను బలపడే అవకాశం ఎక్కువ.

అపోహ: ఆ ఉపగ్రహం తుపానును వదలకుండా చూస్తుంటుంది.

వాస్తవం: గంటన్నరకోసారి భూమిని చుట్టే ఆ రాడార్‌కు కనబడేది సుమారు 250 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే. చాలాసార్లు తుపాను పక్కనే ఉండిపోతుంది.

అపోహ: సముద్రం మనకు 300 కిలోమీటర్లు, తీరం దాటాక మనకేం కాదు.

వాస్తవం: నష్టం చేసే అపోహ ఇదే. నేల మీదికొచ్చాక గాలి తగ్గుతుంది గానీ తేమ వెంటనే పోదు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది పేరు పెట్టిన తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. ఆ రోజే హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వాయుగుండం తెలంగాణను అడ్డంగా దాటి ఉత్తర కర్ణాటకకు పోయింది.

కాబట్టి వాయుగుండం అన్న మాట వినబడితే హైదరాబాద్ వాతావరణ కేంద్రం హెచ్చరికలో నారాయణపేట జిల్లా రంగు చూడండి. పగిలిన పత్తి ముందే ఏరించండి, కల్లంలో వడ్లుంటే టార్పాలిన్ కప్పండి.