బ్రిటన్ స్టేట్ పెన్షన్‌కు విదేశాల నుండి స్వచ్ఛంద చందాలు

బ్రిటన్‌లో కొంతకాలం పనిచేసి లేదా నివసించి, తరువాత వేరొక దేశంలో స్థిరపడినవారు ఆ దేశపు వృద్ధాప్య పింఛను (స్టేట్ పెన్షన్) హక్కును నిలుపుకొనుటకు తమంతట తాము చెల్లించే నేషనల్ ఇన్సూరెన్స్ చందాలను స్వచ్ఛంద చందాలు అంటారు. ఈ హక్కు పౌరసత్వంపై గాక చెల్లించిన చందాలపై ఆధారపడి ఉంటుంది. కనుక బ్రిటిష్ పౌరసత్వం తీసుకొని ఓసీఐ కార్డుతో స్వగ్రామానికి తిరిగి వచ్చినవారికి, భారత పాస్‌పోర్టుతోనే కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవారికి కూడా ఇది సమానంగా వర్తిస్తుంది. గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె వంటి పట్టణాల నుండి వైద్యులుగా, ఇంజనీర్లుగా బ్రిటన్ వెళ్ళి తిరిగి వచ్చిన కుటుంబాలకు ఈ విషయం తెలిసి ఉండుట అవసరం. 2026 ఏప్రిల్ 6 నుండి నిబంధనలు బాగా కఠినమైనాయి.

నేపథ్యం

1942 నాటి బెవరిడ్జ్ నివేదిక ఆధారంగా 1946లో నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం చేయబడింది. అది 1948 జూలై 5న అమలులోకి వచ్చింది. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ (ఎన్.హెచ్.ఎస్.) ప్రారంభమైనది కూడా అదే రోజున. తరువాతి దశాబ్దాలలో ఆ ఆరోగ్య సేవకు భారతీయ వైద్యులు పెద్ద సంఖ్యలో తరలి వెళ్ళారు. 1946లో ఏర్పడిన గుంటూరు వైద్య కళాశాలలో చదివినవారు కూడా వారిలో ఉన్నారు. 1990ల తరువాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, విద్యార్థులు ఈ వరుసలో చేరారు.

పాత వైద్యులలో చాలామంది ఉద్యోగ జీవితమంతా అక్కడే గడిపినందున వారికి సంవత్సరాల కొరత అంతగా లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సంగతి వేరు. నాలుగేళ్ళో, ఏడేళ్ళో పనిచేసి తిరిగి వచ్చేవారే ఎక్కువ. స్వచ్ఛంద చందాల అవసరం ముఖ్యంగా వీరికే.

అర్హత సంవత్సరాలు

2016 ఏప్రిల్ 6న ప్రవేశపెట్టిన కొత్త పద్ధతి ప్రకారం పూర్తి పింఛనుకు సాధారణంగా 35 అర్హత సంవత్సరాలు కావాలి. బ్రిటన్ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై మరుసటి ఏప్రిల్ 5న ముగుస్తుంది. కనీసం 10 సంవత్సరాలు లేనివారికి ఏమీ రాదు. పది దాటినవారికి ఒక్కొక్క సంవత్సరానికి పూర్తి పింఛనులో 35వ వంతు చొప్పున లభిస్తుంది. పూర్తి పింఛను 2025-26లో వారానికి 230.25 పౌండ్లు, 2026-27లో 241.30 పౌండ్లు. పింఛను వయస్సు 66 సంవత్సరాలు. ఇది 2026 - 2028 మధ్య క్రమంగా 67కు పెరుగుతుంది.

భారతదేశంలోని ఉద్యోగుల పింఛను పథకం (1995)లో కూడా పదేళ్ళ సర్వీసు నియమం ఉన్నది. అయితే ఇక్కడ పదేళ్ళు నిండనివారు సాధారణంగా ఉపసంహరణ ప్రయోజనం పొందవచ్చును. బ్రిటన్‌లో అటువంటి వీలు లేదు. తొమ్మిదేళ్ళు చెల్లించి వచ్చేసిన వ్యక్తికి ఆ సొమ్ము తిరిగి ఇవ్వబడదు, పింఛను కూడా రాదు. భారతదేశంలో ఈపీఎఫ్‌కు చెల్లించిన సంవత్సరాలను బ్రిటన్ తన లెక్కలో కలుపుకోదు.

భారతీయ సంస్థ తరఫున తాత్కాలికంగా పంపబడిన ఉద్యోగికి మొదటి 52 వారాలు చందా మినహాయింపు ఉండేది. అందువల్ల పాస్‌పోర్టులో కనిపించే కాలానికి, చందా ఖాతాలో ఉన్న కాలానికి తేడా రావచ్చును. 2025 మే 6న భారత - బ్రిటన్ వాణిజ్య ఒప్పందంతో పాటు రెండుచోట్ల చందా చెల్లించే అవసరాన్ని తొలగించే ఏర్పాటు కూడా ప్రకటించబడింది. అది తాత్కాలికంగా పంపబడే ఉద్యోగులకు ఊరటే. కాని మినహాయింపు పొందిన కాలం బ్రిటన్ పింఛనుకు అర్హత సంవత్సరంగా లెక్కకు రాదన్న మాట కూడా గుర్తుంచుకోవలసినదే.

రెండవ తరగతి, మూడవ తరగతి

2025-26 వరకు విదేశవాసులకు రెండు మార్గాలుండేవి. బ్రిటన్ విడిచే ముందు అక్కడ పనిచేసి, విదేశంలో కూడా ఉద్యోగమో స్వయం ఉపాధియో చేస్తున్నవారు రెండవ తరగతి చందా కట్టేవారు. 2025-26లో దాని రేటు వారానికి 3.50 పౌండ్లు, అనగా ఏడాదికి 182 పౌండ్లు. పని చేయనివారు, గృహిణులు మూడవ తరగతి చందా కట్టేవారు. దాని రేటు వారానికి 17.75 పౌండ్లు, ఏడాదికి 923 పౌండ్లు. రెండింటికీ పూర్వం కనీసం మూడేళ్ళ నిరంతర నివాసమో, మూడేళ్ళ చందాయో ఉంటే సరిపోయేది.

182 పౌండ్లతో కొన్న ఒక సంవత్సరం, 2025-26 రేటున, పింఛనులో ఏడాదికి సుమారు 342 పౌండ్లు పెంచుతుంది. అంటే కట్టిన సొమ్ము ఆరేడు నెలలలో తిరిగి వస్తుంది. ఇంత చౌకగా దొరికే జీవితకాల ఆదాయం బీమా విపణిలో కనిపించదు.

2025 నవంబరు 26 నాటి బడ్జెట్‌లో బ్రిటన్ ప్రభుత్వం ఈ వెసులుబాటును తొలగించింది. 2026 ఏప్రిల్ 6 నుండి గడిచే కాలానికి విదేశవాసులు రెండవ తరగతి చందా కట్టే వీలు లేదు. మూడవ తరగతి మాత్రమే మిగిలింది. దాని రేటు 2026-27లో వారానికి 18.40 పౌండ్లు. పూర్వపు నివాసం లేదా చందా షరతు మూడేళ్ళ నుండి పదేళ్ళకు పెరిగింది. 2026 ఏప్రిల్ 6కు ముందటి సంవత్సరాలకు ఈ మార్పు వర్తించదు.

ఉదాహరణకు తెనాలికి చెందిన ఒక ఇంజనీరు బ్రిటన్‌లో ఏడు పన్ను సంవత్సరాలు చందా కట్టి, 2020 ఏప్రిల్‌లో తిరిగి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో చేరాడనుకొందాము. పాత నియమాల క్రింద మరి మూడేళ్ళకు రెండవ తరగతి చందా కడితే, సుమారు 500 పౌండ్ల ఖర్చుతో అతడు పదేళ్ళ గీత దాటుతాడు. పూర్తి పింఛనులో ఏడింట రెండు వంతులకు హక్కు వస్తుంది. అదే ఇంజనీరు 2026 ఏప్రిల్‌లో తిరిగి వచ్చి ఉంటే, ఏడేళ్ళే ఉన్నందున తరువాతి కాలానికి చందా కట్టే అర్హతే ఉండదు. పదేళ్ళు లేనివారికే ఈ చందా అత్యవసరం. కొత్త షరతు తలుపు మూసినది సరిగ్గా వారికే.

గడచిన సంవత్సరాలకు సాధారణంగా ఆరేళ్ళ వరకే వెనుకకు వెళ్ళి చెల్లించవచ్చును. 2006 నుండి 2016 వరకు గల ఖాళీలను పూరించుటకు ఇచ్చిన ప్రత్యేక గడువు 2025 ఏప్రిల్ 5తో ముగిసింది.

స్తంభించిన పింఛను

పింఛను మంజూరైన తరువాత మరొక చిక్కు ఉన్నది. బ్రిటన్‌లోను, ఐరోపా సమాఖ్య దేశాలలోను, అమెరికా, ఫిలిప్పీన్స్ వంటి కొన్ని దేశాలలోను ఉన్నవారికి పింఛను ఏటా పెరుగుతుంది. భారత్, కెనడా, ఆస్ట్రేలియా తదితర దేశాలలో ఉన్నవారికి మొదట మంజూరైన మొత్తం వద్దనే ఆగిపోతుంది. 2016-17లో పూర్తి పింఛను 155.65 పౌండ్లు. ఆ సంవత్సరం పింఛను మొదలై, అప్పటి నుండి రేపల్లెలో ఉన్న వ్యక్తికి 2026లో కూడా వారానికి అంతే వస్తుంది. అతని సహోద్యోగి అమెరికాలో ఉంటే 241.30 పౌండ్లు అందుకుంటాడు. ఇద్దరూ కట్టిన చందా ఒక్కటే.

ఈ వివక్షను ప్రశ్నిస్తూ దక్షిణాఫ్రికాలో నివసించిన ఆనెట్ కార్సన్ తదితరులు వేసిన వ్యాజ్యాన్ని 2005లో బ్రిటన్ ప్రభువుల సభ, 2010లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం త్రోసిపుచ్చాయి. ఇట్లు స్తంభించిన పింఛను పొందుచున్నవారు ప్రపంచవ్యాప్తంగా నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. తిరిగి బ్రిటన్ వెళ్ళి స్థిరపడితే తాజా రేటు లభిస్తుంది.

ఆరోగ్య సేవలో పనిచేసిన వైద్యులకు వచ్చే ఎన్.హెచ్.ఎస్. పింఛను దీనికి వేరు. అది ఏ దేశంలో ఉన్నా ఏటా పెరుగుతుంది. అందువల్ల బాపట్లలో విశ్రాంత జీవితం గడిపే ఒకే వైద్యుని రెండు పింఛన్లలో ఒకటి పెరుగుతూ, రెండవది కదలక ఉండవచ్చును.

దరఖాస్తు

స్వచ్ఛంద చందాకు సీఎఫ్83 అను ఫారమును బ్రిటన్ రెవెన్యూ శాఖకు పంపాలి. ముందుగా తన చందా ఖాతాను, పింఛను అంచనాను తెప్పించుకొనుట మంచిది. ముఖ్యంగా 2016కు పూర్వం ఆరోగ్య సేవ వంటి ఉద్యోగాలలో తగ్గింపు రేటున చందా కట్టినవారికి లెక్క వేరుగా ఉంటుంది. ప్రతి అదనపు సంవత్సరమూ పింఛనును పెంచదు, అనవసరంగా కట్టిన సొమ్ము తిరిగి వస్తుందన్న భరోసా లేదు.

పింఛను దానంతట అది మొదలు కాదు. న్యూకాసిల్‌లోని అంతర్జాతీయ పింఛను కేంద్రానికి దరఖాస్తు చేసుకోవాలి. నాలుగు వారాలకో, పదమూడు వారాలకో ఒకసారి సొమ్ము బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. ఆ కేంద్రం అప్పుడప్పుడు టపాలో జీవన ధృవీకరణ పత్రం పంపుతుంది. దానిపై సాక్షి సంతకం చేయించి తిరిగి పంపకపోతే పింఛను నిలిపివేయబడుతుంది. అందుచేత ఇల్లు మారినవారు కొత్త చిరునామాను వెంటనే తెలియజేయాలి.