లాక్‌స్టన్: కంచె యెఱుగని పొలములు

మధ్యయుగములందు మధ్య ఇంగ్లండులోని పెక్కు గ్రామములను ఆనుకొని కంచెలు లేని రెండు మూడు మహాక్షేత్రములుండెడివి. వానియందు ప్రతి రైతునకును అక్కడక్కడ చెదరియున్న సన్నని, పొడవైన మడిచెక్కలు లభించుటచే, సారవంతమైన నేలయు నిస్సారమైన నేలయు అందఱి వంతునకును వచ్చుచుండెను. ఒక క్షేత్రమున శీతకాలపు గోధుమ, వేఱొకదాన వసంతమున విత్తెడు యవలో బఠానీలో, మూడవది బీడు. ఈ క్రమము ఏటేట మాఱుచుండెను. బీడునేలపై మేసెడు గ్రామపశువులే దానికి ఎరువు సమకూర్చెడివి.

1604 మొదలు 1914 వఱకు పార్లమెంటు చేసిన 5,200లకు పైబడిన చట్టములు ఇట్టి భూములకు కంచెలు వేయించి, ఉమ్మడి మేతహక్కును పెక్కుమంది పేదలకు దూరము చేసెను. అయినను నాటింగ్‌హామ్‌షైరులోని లాక్‌స్టన్ గ్రామమున ఆ పద్ధతి నేటికిని సజీవముగ నున్నది. 1635లో మార్క్ పియర్స్ రచించిన పటమున ఆనాటి మడిచెక్కలేగాక, దున్నువారును పశువులును చిత్రితములైయున్నవి.

ఏటేట శీతకాలారంభమున జ్యూరీగా నియుక్తులైన రైతులు గోధుమపొలమునకు బోయి, గుంజలు పాతి హద్దులు నిర్ణయించి, ఉమ్మడి గడ్డినేలలోనికి నాగలి చొప్పించినవారిపై జరిమానా ప్రతిపాదింతురు. పిదప 'కోర్ట్ లీట్' అను గ్రామన్యాయసభ ఆ విషయమును విచారించును. 1952లో ప్రభుత్వమే ఈ భూములను కొని సంరక్షింపగా, 2020లో అవి థోర్స్‌బీ ఎస్టేటు వశమయ్యెను. స్వామ్యము చేతులు మాఱినను, హద్దుల తగవు తీర్చువారు మాత్రము ఆ నేలను దున్నెడు రైతులే.